కొనేముందు ఒక్కసారి లెక్కపెట్టండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు అన్నీ ముందేసుకుని కూర్చుంటే ఒకటి గమనించా, సగానికి సగం "ఏది కొంటే మంచిది" అనే మొదలయ్యాయి. ఏ సంచి కొనాలి, ఏ డబ్బా కొనాలి, ఏ ఏసీ, ఏ మొక్క. అలా అడగడంలో మీ తప్పేం లేదండీ, షాపులో ప్రతి వస్తువు మీదా ఓ ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి పెడితే ఎవరికైనా అది కొంటేనే మంచి జరుగుతుందేమో అనిపిస్తుంది. నా జవాబులు మాత్రం చాలావరకు "ఎన్నిసార్లు వాడతారు, ఎన్నాళ్ళు వాడతారు" అనే దగ్గరికే తిరిగొస్తాయి, ముందే చెప్పేస్తున్నా.

ప్రశ్న: అక్కా, ప్లాస్టిక్ కవర్లు మానేద్దామని గుడ్డ సంచులు పెట్టుకోవడం మొదలెట్టా. మొన్న బీరువా సర్దుతుంటే లెక్కేశా, మొత్తం ఇరవై ఆరు ఉన్నాయి! సగం మీటింగుల్లో ఫ్రీగా ఇచ్చినవే. ఇప్పుడు మా ఫ్రెండ్ ఒకావిడ, గుడ్డ సంచి తయారీయే పెద్ద చేటు, ఏడు వేలసార్లు వాడితేగానీ లాభం లేదట అంటోంది. నిజమేనా? అప్పట్నుంచి ఆ సంచులు చూస్తే మనసు పాడైపోతోంది.

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పిన అంకె గాల్లోంచి పుట్టింది కాదు, కానీ సగమే చెప్పారు ఆవిడ. 2018లో డెన్మార్క్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ రకరకాల సంచుల మీద ఒక రిపోర్టు వేసింది. అందులో మామూలు కాటన్ సంచిని ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్‌తో పోల్చి, వాతావరణం వేడెక్కడం ఒక్కటే చూస్తే కాటన్ సంచిని 52 సార్లు వాడాలి అన్నారు. నీళ్ళు, ఎరువులు, ఎండలోని చెడు కిరణాల్ని పైనే ఆపే ఓజోన్ పొరకి జరిగే నష్టం, ఇలా వాళ్ళు పెట్టుకున్న కొలతలన్నిట్లోనూ ప్లాస్టిక్‌ని దాటాలంటే 7100 సార్లు అన్నారు, ఆ పెద్ద అంకె దాదాపుగా ఒక్క ఓజోన్ లెక్క వల్ల వచ్చింది. జనం మాత్రం 7100 పట్టుకుని 52ని వదిలేశారు. ఇంకోటి, ఎగిరిపోయి కాలవలో పడి, సముద్రంలో తాబేలు కడుపులోకి వెళ్ళే కవర్ చేసే హాని ఆ లెక్కలో లేదు. డెన్మార్క్‌లో చెత్త బాగానే ఎత్తుతారు కాబట్టి వాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, చెత్త సరిగ్గా ఎత్తని ఊళ్ళో ఉన్నవాళ్ళకి అదే అసలు సమస్య.

అయినా సరే ఆ రిపోర్టు చూశాక నాకు చాలా విలువైనదిగా అనిపించిన సంగతి ఒకటుంది, సంచి దేంతో చేశారన్నదానికంటే ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నామన్నదే తేలుస్తుంది అని. పత్తి పండించడానికి బోలెడు నీళ్ళు కావాలి, నూలు వడకాలి, నెయ్యాలి, రంగెయ్యాలి, ఇదంతా అయ్యాక అది బీరువాలో మడతపెట్టి ఉంటే ఆ నీళ్ళూ ఆ కరెంటూ అన్నీ వృథా. మీ లెక్కే తీసుకుందాం. 52 సార్లంటే వారానికోసారి చొప్పున ఒక సంచికి ఏడాది. మీ దగ్గర ఇరవై ఆరు ఉన్నాయి, వారానికి ఒక్కటే తీస్తే అన్నీ ఆ 52 దాటడానికి ఇరవై ఆరేళ్ళు పడుతుంది! వారానికి నాలుగు పట్టుకెళ్తే ఆరున్నరేళ్ళలో అయిపోతుంది. కాబట్టి గట్టివి ఒక ఆరో ఎనిమిదో ఉంచుకుని ఒకటి హ్యాండ్‌బ్యాగులో, రెండు బండి డిక్కీలో, మిగతావి గుమ్మం పక్క మేకుకి తగిలించండి, బీరువాలో మాత్రం వద్దు, బీరువాలో సంచి బజార్లో గుర్తు రాదు. మిగతావన్నీ పక్కింటివాళ్ళకీ, మీరు రోజూ కూరగాయలు తీసుకునే అతనికీ ఇచ్చేయండి, కవర్ అడిగినవాళ్ళకి అతనే ఇస్తాడు. ఇకమీదట ఎవరైనా ఫ్రీగా సంచి ఇస్తుంటే "మా ఇంట్లో ఉన్నాయండీ" అని నవ్వుతూ వెనక్కిచ్చేయండి, నేనైతే అలాగే చేస్తా. అన్నట్టు ఇంట్లో ఇప్పటికే పోగైన ప్లాస్టిక్ కవర్లుంటే వాటినీ పారెయ్యకండి, చిరిగేదాకా వాడి, చివరికి పొడి చెత్త డబ్బాకి వెయ్యండి.

ప్రశ్న: మేడమ్, బాల్కనీలో కంపోస్ట్ డబ్బా పెట్టి రెండు నెలలైంది. మొదట్లో బానే ఉంది, ఇప్పుడు మూత తీస్తే కడుపులో తిప్పేస్తోంది, పైగా తెల్లటి పురుగులు కూడా పట్టాయి. మా ఆయన అయితే "ఇది నువ్వు తీసేస్తావా నేను తీసెయ్యనా" అంటున్నారు. మానెయ్యమంటారా?

జవాబు: మానెయ్యొద్దండీ, దయచేసి. ఇదే తప్పు నేనూ చేశా, మొదటి డబ్బాని వాసన భరించలేక మూడో నెలలో మొత్తం తీసి పారబోశాను, తర్వాత ఎక్కడ పొరపాటైందో తెలిశాక చాలా బాధేసింది, ఎందుకంటే దాన్ని బాగుచెయ్యడానికి ఒక్క పూట చాలు.

వాసన వస్తోందంటే లోపల గాలి ఆడట్లేదని అర్థం. తొక్కలు కుళ్ళేటప్పుడు వాటిని తినే సూక్ష్మజీవులు రెండు రకాలు, గాలి ఉంటే పనిచేసేవి ఒక రకం, గాలి లేకపోతే పనిచేసేవి ఇంకో రకం. మొదటివి పనిచేస్తే వాన పడ్డ మట్టి వాసన వస్తుంది, రెండోవి మొదలయ్యాయంటే మురిక్కాలవ వాసనే. మరి గాలి ఎందుకు ఆడదంటే తడి ఎక్కువైపోయి. మనం వంటింట్లోంచి వేసేదంతా తడే కదా, కాయగూరల తొక్కలు, పళ్ళ తొక్కలు, వడకట్టిన టీ పొడి, అన్నిట్లోనూ నీళ్ళూ నైట్రోజనూ ఎక్కువ. దానికి జోడీగా కార్బన్ ఎక్కువుండే ఎండు సరుకు పడాలి, అంటే ఎండుటాకులు, చింపిన అట్టపెట్టెలు, రంపపు పొట్టు, కొబ్బరి పీచు పొడి. కార్బన్ 25 నుంచి 30 వంతులుంటే నైట్రోజన్ ఒక వంతు ఉండాలని చెప్తారు, ఇంట్లో ఆ తూకాలన్నీ ఎవరు వేస్తారు గానీ, ఒక గిన్నెడు తడి చెత్త వేస్తే దానిమీద రెండు గిన్నెలు ఎండాకు వెయ్యండి, సరిపోతుంది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది ఇది. పాత న్యూస్‌పేపర్ పరిచి డబ్బా మొత్తం దానిమీద కుమ్మరించండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి ఒక గంటసేపు. అట్టముక్కలు, ఎండాకులు బాగా కలిపి మళ్ళీ నింపండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారితే ఇంకా ఎండాకు కలపాలి, అసలు తడే తగలకపోతే కాస్త నీళ్ళు చిలకరించాలి. డబ్బాకి పక్కల చిల్లులు లేకపోతే పెట్టండి, కింద నీళ్ళు దిగడానికో దారి ఉండాలి. మూడు రోజులకోసారి కర్రతో అడుగుదాకా కలపండి. వారంలో వాసన పోతుంది. పోలేదంటే మళ్ళీ రాయండి నాకు.

ఇక ఆ పురుగులు. లావుగా, బూడిద రంగుకి తిరుగుతున్నట్టు ఉంటే చాలావరకు అవి సోల్జర్ ఫ్లై అనే నల్లటి ఈగ పిల్లలు, వాటిని చూసి భయపడక్కర్లేదు, అవి చెత్తని మనకంటే త్వరగా తినేస్తాయి. ఆ పెద్ద ఈగ మన తిండి మీద వాలే రకం కాదు, కుట్టదు కూడా. చూడటానికి ఇబ్బందిగా ఉంటే పైన రెండంగుళాల మందాన ఎండాకు పరచండి, కనిపించవు, తడి తగ్గితే వాటంతటవే తగ్గుతాయి. వండిన పదార్థాలు, నూనె, మాంసం, పాలు ఇప్పట్లో వెయ్యకండి.

మీ ఆయనకి ఒక మాట చెప్పండి. ఈ తొక్కలే కవర్లో కట్టి బయటికి పంపితే అవి వెళ్ళి చెత్తగుట్ట అడుగున పడతాయి, అక్కడ గాలి అస్సలుండదు కాబట్టి మీథేన్ గ్యాస్ పుడుతుంది, ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లకి పైగా వేడిని పట్టి ఉంచుతుంది. చెత్తగుట్టలు రోజుల తరబడి తగలబడుతుంటే చూసే ఉంటారు, ఆ మంటకి ఈ గ్యాస్ కూడా కారణమే. మన బాల్కనీలో ఒక గంట వాసన దానికంటే చాలా చిన్నది కదండీ.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. కంపోస్ట్ చేస్తున్నాం కదా అని వండింది పారెయ్యడం అలవాటు కాకూడదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ళల్లోనే. హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు అనుకుంటాం, కాదు, మన వంటిళ్ళే. వారానికోసారి ఫ్రిజ్‌లో ఏముందో చూసుకుని తర్వాతే బజారుకి వెళ్ళడం అన్నిటికంటే మేలు, కంపోస్ట్ దాని తర్వాతే.

ప్రశ్న: చెత్త కవర్లు "బయోడిగ్రేడబుల్" అని రాసున్నవి కొంటున్నాం, అవి మట్టిలో కలిసిపోతాయి కదా? పార్టీలకి పేపర్ కప్పులు తెస్తున్నాం, అది కరెక్టేనా?

జవాబు: ఆ మాట రాసుంటే చాలదండీ, ఎక్కడ కలుస్తుంది, ఎన్నాళ్ళకి కలుస్తుంది అని రాసుండాలి. ఇంగ్లండ్‌లో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో ఒక స్టడీ బయటపెట్టారు, రకరకాల కవర్లని మట్టిలో పాతిపెట్టి, సముద్రంలో వేలాడదీసి మూడేళ్ళు ఉంచారు. మూడేళ్ళ తర్వాత తీస్తే "బయోడిగ్రేడబుల్" అని రాసున్న కవర్ ఇంకా రెండు కిలోల పైన సామాన్లు మోసేంత గట్టిగానే ఉంది! "కంపోస్టబుల్" అన్నది సముద్రంలో మూడు నెలల్లో కనిపించకుండా పోయింది గానీ మట్టిలో మాత్రం రెండేళ్ళు దాటినా మిగిలే ఉంది, కాకపోతే బరువు పెడితే చిరిగిపోయింది. మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ ఉంది కదా, అది కరగాలంటే 55, 60 డిగ్రీల వేడి వరసగా ఉండే పెద్ద కంపోస్ట్ ప్లాంట్ కావాలి, మన బాల్కనీ డబ్బాలో అంత వేడి పుట్టదు. ఇక "ఆక్సో" అని ఉంటే అసలు తీసుకోకండి, అది మామూలు ప్లాస్టిక్కే, పొడి పొడి అయ్యేలా మందు కలుపుతారంతే, యూరప్ దేశాలు 2019లో చట్టం చేసి 2021 నుంచి దాన్ని ఆపేశాయి.

పేపర్ కప్పుకి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే వేడి టీకి కాగితం తడిసి కారిపోదూ. కాబట్టి స్టీలు గ్లాసులే నయం, పదిమందికి సరిపోయేవి ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకోండి.

ప్రశ్న: మా ఏసీ తొమ్మిదేళ్ళది. ఏటా ఎండాకాలం ముందు మెకానిక్‌ని పిలిచి గ్యాస్ నింపిస్తున్నాం. కరెంటు తక్కువ తాగే కొత్తది తీసుకోమని అందరూ అంటున్నారు, ఉన్నదాన్ని పారేస్తే అదీ పాపమే కదా. ఏం చెయ్యను?

జవాబు: ఈ ఉత్తరంలో అందరూ దాటేసే ముక్క ఒకటుంది, "ఏటా గ్యాస్ నింపిస్తున్నాం" అని. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా అయిపోయేది కాదండీ, మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, పదేళ్ళైనా అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు మూయకుండా ఏటా నింపించడమంటే ఏటా ఒక సిలిండర్‌ని గాల్లోకి వదిలేయడమే, మీ కరెంటు బిల్లు కంటే పెద్ద నష్టం అది. ఎంత నష్టమంటే, ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక కిలో బయటికి పోతే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి. పాత ఆర్-22 ఒక కిలో అయితే 1800 కిలోలంత, పైగా అది ఓజోన్‌ని కూడా తింటుంది. ఆర్-32 ఒక కిలోకి 675 కిలోలంత. ప్రొపేన్, అదే ఆర్-290, ఇది మాత్రం మూడు కిలోలంతే, కాకపోతే మండే గ్యాస్ కాబట్టి ఫిట్టింగ్ తెలిసినవాళ్ళే చెయ్యాలి. మీ ఏసీలో ఏ గ్యాసో బయట యూనిట్ మీద స్టిక్కర్‌లో రాసుంటుంది, చూడండి.

అంటే ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు "గ్యాస్ నింపు" అనకుండా "ముందు లీకు వెతుకు, మూశాకే నింపు" అని గట్టిగా అడగండి, జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి, పెద్ద లీకైతే అక్కడే దొరికిపోతుంది. కాయిల్ మొత్తం తుప్పుపట్టి మూయడానికి వీల్లేదంటే అప్పుడు మార్చండి, నిస్సందేహంగా. మీరు ఏడాదికి నెలన్నర, రాత్రుళ్ళు మాత్రమే వేసుకునేవాళ్ళైతే లీకు బాగుచేసి వాడుకోవడమే నయం, ఏడెనిమిది నెలలు రోజంతా తిరిగే ఇల్లయితే కొత్త ఇన్వర్టర్ ఏసీ తయారీ భారం కొన్నేళ్ళలోనే తీరిపోతుంది. మార్చినా పాతదాన్ని తుక్కు కొనేవాడికి అలాగే ఇవ్వకండి, అతను రాగి కోసం గొట్టం కోస్తాడు, గ్యాసంతా క్షణంలో పోతుంది. గ్యాస్‌ని సిలిండర్‌లోకి లాగి తీసుకెళ్ళేవాళ్ళనే పిలవండి.

దీనికంటే ముందు చెయ్యాల్సింది కిటికీ దగ్గరుంది. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక కర్టెన్ వేసినా వేడి లోపలే ఉండిపోతుంది, బయటే ఆపాలి. పడమటి కిటికీకి బయట పందిరిలాంటి నీడ కడితే ఎండ వల్ల వచ్చే వేడి 77 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ వాళ్ళ లెక్క. వెదురు చాప కట్టినా, తీగ పాకించినా అదే సూత్రం. ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ కూడా తిప్పితే ఏసీని రెండు డిగ్రీలు పైకి పెట్టుకున్నా ఒంటికి తేడా తెలీదు. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటు తాగే మోటారుతో వచ్చే బీఎల్డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల, టన్నున్నర ఏసీ కంప్రెసర్ తిరుగుతుంటే ఇంచుమించు 1500. మనిషి గదిలో లేనప్పుడు మాత్రం ఫ్యాన్ ఆపేయండి, ఫ్యాన్ గదిని చల్లబరచదు, మన ఒంటినే చల్లబరుస్తుంది.

ప్రశ్న: ఫ్లాట్‌లో గాలి శుభ్రం కావడానికి ఎన్ని మొక్కలు పెట్టాలి? పది కొందామనుకుంటున్నాం.

జవాబు: మొక్కలు ఇంట్లో గాలిని శుభ్రం చేస్తాయన్న మాట 1989లో నాసా వాళ్ళు చేసిన ఒక ప్రయోగం నుంచి వచ్చింది. వాళ్ళు మొక్కని చిన్న గాజు పెట్టెలాంటి దాంట్లో మూసేసి, అందులోకి కొన్ని రసాయనాలు వదిలి, ఎంత తగ్గిందో చూశారు. తగ్గింది నిజమే. కానీ మన ఇల్లు మూసిన పెట్టె కాదు కదా, తలుపులు కిటికీల సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. అలాంటి ప్రయోగాలన్నీ ఒకచోట పెట్టి 2019లో మళ్ళీ లెక్క కట్టారు, మామూలుగా గాలి మారే వేగంతో సమానం కావాలంటే చదరపు మీటరు నేలకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. ఇంట్లో మనం నిలబడటానికి చోటుండదు! రోజుకి రెండుసార్లు ఎదురెదురు కిటికీలు తెరవండి, వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యండి, గదిలో అగరొత్తులు, దోమల కాయిల్స్ తగ్గించండి, దాంతోనే గాలి మారుతుంది. మొక్కలు పెట్టుకోండి తప్పకుండా, పచ్చగా ఉంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది, అది చాలదూ? పది కొనక్కర్లేదు, తెలిసినవాళ్ళ ఇంట్లోంచి కొమ్మ తెచ్చి నాటుకోండి.

ప్రశ్న: అక్కా నేను డిగ్రీ సెకండియర్. నేను సైకిల్ మీద వెళ్తా, బాటిల్ ఇంట్లోంచే తెచ్చుకుంటా. మా క్లాస్‌లో వాళ్ళు నవ్వుతారు, ఫ్యాక్టరీలు అంత పొగ వదుల్తుంటే నీ బాటిల్‌తో ఏమవుద్ది అంటారు. ఈమధ్య నాకూ అదే నిజమనిపిస్తోంది. నిజంగా ఒక్కడి వల్ల ఏమైనా అవుద్దా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. వాళ్ళన్నదాంట్లో సగం నిజముంది, అది ఒప్పుకుంటా. నీ ఒక్క బాటిల్ తూకం వేస్తే ఏమీ కనిపించదు. కానీ ఏసీ ప్రశ్నలో పైన ఓజోన్ మాట వచ్చింది కదా, ఆ కథ నీకు చెప్పాలి.

1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ అని ఇద్దరు సైంటిస్టులు ఒక పేపర్ రాశారు, ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడే సీఎఫ్‌సీ గ్యాసులు పైకి వెళ్ళి ఓజోన్ పొరని తినేస్తాయని. కంపెనీలు కొట్టిపారేశాయి. అప్పటికి ఓజోన్‌లో రంధ్రం ఎవరూ చూడలేదు, చట్టమూ లేదు. అయినా అమెరికాలో మామూలు జనం, నీలాంటి నాలాంటి వాళ్ళు, ఆ స్ప్రే డబ్బాలు కొనడం తగ్గించేశారు, అమ్మకాలు బాగా పడిపోయాయి. ఆ ఒత్తిడికే కొన్ని కంపెనీలు ముందుగా వేరే పద్ధతికి మారాయి, 1978కి అక్కడ చాలా స్ప్రేల్లో ఆ గ్యాసుని నిషేధించారు. 1985లో అంటార్కిటికా మీద రంధ్రం ఉందని బ్రిటిష్ సైంటిస్టులు చూపించారు, 1987లో కెనడాలోని మాంట్రియల్‌లో కొన్ని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి, తర్వాత్తర్వాత ప్రపంచంలో ప్రతి దేశమూ దాంట్లో చేరింది. 1995లో ఆ ఇద్దరికీ, వాళ్ళతోపాటు పాల్ క్రుట్జెన్‌కీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు అంటార్కిటికా మీద ఓజోన్ 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా. 2016లో రువాండా దేశం కిగాలీలో ఇంకో ఒప్పందం చేసుకుని ఏసీల్లో గ్యాసులు కూడా తగ్గించుకుంటూ వస్తున్నారు.

డబ్బా కొనడం మానేసిన ఒక్కొక్కరి వల్ల ఓజోన్ బాగుపడలేదు తమ్ముడూ, చట్టం వల్లే బాగుపడింది. కానీ స్ప్రేల మీద ఆ చట్టం రావడానికి ముందు నేల దున్నింది వాళ్ళే, కొనేవాళ్ళే లేని సరుకుని నిషేధించడం ఏ ప్రభుత్వానికైనా తేలిక కదా. కాబట్టి నువ్వు బాటిల్ మానకు, కానీ అక్కడితో ఆగకు. కాలేజీలో మంచినీళ్ళ ట్యాప్ పాడైతే బాగుచేయించమని ఒక అర్జీ రాయి, పదిమంది సంతకాలు పెట్టించు, సైకిళ్ళకి నీడ ఉన్న స్టాండ్ అడుగు. ట్యాప్‌లో మంచి నీళ్ళొస్తే నవ్వినవాళ్ళు కూడా బాటిల్ తెచ్చుకుంటారు, వాళ్ళకి నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: డ్రాయర్లో ఐదు పాత ఫోన్లున్నాయి, ఒకదాని బ్యాటరీ ఉబ్బింది. చెత్తబండికి వేసేయొచ్చా?

జవాబు: వెయ్యొద్దు! ఉబ్బిన బ్యాటరీ చెత్తబండిలో నలిగితే అంటుకుంటుంది, బండి మీదున్న మనుషుల ప్రాణం మీదికొస్తుంది. దాన్ని చార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, మండే వస్తువులకి దూరంగా ఉంచి ఈ-వేస్ట్ తీసుకునే సెంటర్‌కి వెంటనే ఇచ్చేయండి. మిగతా నాలుగిట్లో పనిచేసేది ఉంటే అవసరమున్నవాళ్ళకి ఇవ్వండి, బ్యాటరీ మారిస్తే చాలా ఫోన్లు ఇంకో రెండు మూడేళ్ళు నడుస్తాయి. ఫోన్ వల్ల జరిగే కాలుష్యంలో ఎక్కువ భాగం మన చేతికి రాకముందే, తయారీలోనే అయిపోతుంది. 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వేస్ట్ పోగైతే సరిగ్గా రీసైకిల్ అయినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. ఇంట్లో నీళ్ళ వాడకం తగ్గిద్దామని చూస్తున్నాను. వాటర్ ఫిల్టర్ వదిలే నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు మొక్కలకి పోయవచ్చునా? ఒక కుళాయి చుక్క చుక్కగా కారుతోంది, దానివల్ల పెద్ద నష్టం ఉంటుందా?

జవాబు: మాస్టారూ, చివరిది ముందు చెప్తాను. సెకనుకో చుక్క కారే కుళాయి ఏడాదికి 11 వేల లీటర్లు పైనే పోగొడుతుంది, రోజుకి ముప్పై లీటర్లు, అంటే రెండు బకెట్లు. బకెట్ కింద పెట్టి పట్టుకున్నా సరే, కుళాయి బాగుచేయించాల్సిందే, చాలాసార్లు లోపలున్న చిన్న రబ్బరు వాషర్ అరిగిపోయి అలా కారుతుంది, మార్చడం పది నిమిషాల పని. కనబడకుండా పోయేది ఇంకోటుంది, ఫ్లష్ ట్యాంక్. ట్యాంక్‌లో కాస్త రంగు కలిపి పావుగంట ఫ్లష్ చెయ్యకుండా ఆగి చూడండి, కింద కమోడ్‌లోకి రంగు దిగిందంటే లీకున్నట్టే.

కాయగూరలు కడిగిన నీళ్ళు నిక్షేపంగా మొక్కలకి పోయండి. గిన్నెలు కడిగిన నీళ్ళలో సబ్బూ జిడ్డూ ఉంటాయి, కుండీలకి వద్దు. బట్టలు చివరిసారి జాడించిన నీళ్ళయితే పెద్ద చెట్ల మొదట్లో పోయొచ్చు, ఆకుకూరలకి మాత్రం పోయకండి. ఏ వాడిన నీళ్ళైనా ఒక రోజుకి మించి నిలవ ఉంచకూడదు, కంపు కొడతాయి, దోమలు చేరతాయి. ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్ళు మురికివి కావు గానీ వాటిలో ఉప్పులు ఎక్కువ, రోజూ కుండీకి పోస్తే కొన్నాళ్ళకి మట్టి మీద తెల్లగా పేరుకుని ఆకుల అంచులు మాడతాయి. వాటిని ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి, ఫ్లష్‌కి వాడుకోండి. అసలు మీ ఇంటికొచ్చే నీళ్ళలో ఉప్పులు తక్కువే అయితే ఆర్వో అవసరమే ఉండదు, ఒక లీటరు మంచినీళ్ళకి మూడు నాలుగు లీటర్లు వదిలే మిషన్లున్నాయి, కాబట్టి కొత్త ఫిల్టర్ తీసుకునేముందు నీళ్ళు ఒకసారి టెస్ట్ చేయించండి. ఆ వాషర్ మాత్రం ఈ వారంలోనే మార్పించండి మాస్టారూ.